దానిమ్మ తొక్క, జామాకు మొండి బ్యాక్టీరియాను చంపుతాయా? ల్యాబ్ రిపోర్టును రైతు ఎలా చదవాలి



దానిమ్మ తొక్క పొడి మేము ఎలా తయారు చేస్తున్నామో ఇంతకు ముందు వీడియోలో చూపించాను కదా. అది చూసి ఒకాయన ఫోన్ చేశారు. "తమ్ముడూ, మా నాయనకు షుగర్ ఉంది. కాలికి పుండు పడింది. ఆస్పత్రిలో పరీక్ష చేసి, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిమి అన్నారు. దానిమ్మ తొక్క అలాంటి క్రిముల్ని కూడా చంపుతుందని ఇంటర్నెట్‌లో చదివినాను. సూదులు ఆపేసి మీ పొడి పెడదామా?" అని అడిగారు.

నిజం చెప్తున్నా, నాకు ఒక్క నిమిషం నోట మాట రాలేదు. "అన్నా, సూదులు ఒక్క పూట కూడా ఆపొద్దు. పుండు మీద మా పొడి వేయొద్దు. డాక్టర్ గారు చెప్పిందే చేయండి" అని చెప్పినాను. ఆయన అంతటితో వదల్లేదు. "మరి చదివింది అబద్ధమా?" అన్నారు.

అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. పండ్ల చెట్ల ఆకులు, తొక్కలు, గింజల కషాయాలు మందులకు లొంగని బ్యాక్టీరియాను గాజు ప్లేటులో ఆపుతాయని చాలా పరిశోధనలు నిజంగానే చూపించాయి. కానీ ప్లేటులో ఆగడం ఒకటి, ఒంట్లో తగ్గడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో నేను మా ఆవు వల్ల తెలుసుకున్నాను. అది ఈరోజు వివరంగా రాస్తున్నా. ప్లేట్లు, గుంతలు, రంగు మారడం ఇవన్నీ వీడియోలో చూడొచ్చు.

మా గౌరి కథ

మా ఇంట్లో జీవామృతానికి ఒక నాటు ఆవు, పాలకు ఒక జెర్సీ క్రాస్ ఆవు ఉండేవి. క్రాస్ ఆవు పేరు గౌరి. మూడో ఈతలో పొదుగు వాపు వచ్చింది. ఒక చన్ను గట్టిపడి, పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

అప్పుడు నేను చేసిన తప్పు దాచుకోను. డాక్టర్‌ని పిలవకుండా, పక్కింటి బాబాయ్ దగ్గర మిగిలిపోయిన ట్యూబు తెచ్చి చన్నులోకి ఎక్కించాను. రెండు రోజులకు వాపు తగ్గింది. తగ్గింది కదా అని ఆపేశాను. నెల తిరగకుండా మళ్లీ వచ్చింది. మళ్లీ అదే ట్యూబు, మళ్లీ రెండు రోజులే. మూడోసారి వచ్చినప్పుడు ఆ మందు అసలు పని చేయలేదు.

అప్పటికి గానీ పశువుల డాక్టర్ గారి దగ్గరికి పోలేదు. ఆయన పాల శాంపిల్ ల్యాబ్‌కు పంపించారు. రిపోర్టు వచ్చింది. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. పెన్సిలిన్ ఎదురుగా ఆర్, టెట్రాసైక్లిన్ ఎదురుగా ఆర్, స్ట్రెప్టోమైసిన్ ఎదురుగా ఆర్. ఆర్ అంటే ఆ మందుకు లొంగలేదని, ఎస్ అంటే లొంగిందని అర్థం. రెండు మందుల ఎదురుగా మాత్రమే ఎస్ ఉంది. అందులో ఒకటి పూర్తి కోర్సు వాడితే గౌరి బతికి బట్టకట్టింది. కానీ ఆ చన్ను ఎండిపోయింది. నాలుగు చన్నుల ఆవు మూడు చన్నుల ఆవు అయింది.

"తొలిసారే శాంపిల్ ఇచ్చి, సరైన మందు సరైన రోజులు వాడుంటే చన్ను నిలిచేదయ్యా" అన్నారు డాక్టర్ గారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

మందుకు లొంగకపోవడం అంటే ఏమిటి?

మనం పురుగుమందుల్లో చూసిందే ఇది. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే పురుగు ఎలా రాటుదేలుతుందో, బ్యాక్టీరియా కూడా అంతే. తక్కువ డోసు, సగం కోర్సు వేస్తే బలహీనమైనవి చస్తాయి, గట్టివి మిగులుతాయి. మిగిలినవే పిల్లల్ని పెడతాయి. కొన్ని రకాల బ్యాక్టీరియా అనువైన చోట 20 నిమిషాలకే రెండింతలు అవుతాయి. మనకు తరాలు పట్టే మార్పు వాటికి ఒక్క రాత్రిలో జరిగిపోతుంది.

పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమతి తీసుకుంటూ ఈ హెచ్చరికే చేశారు. చాలని డోసు వాడితే క్రిములకు మనమే చదువు నేర్పినట్టు అవుతుందన్నది ఆయన మాటల సారాంశం. మెథిసిలిన్ అనే కొత్త మందు 1959లో వస్తే, 1961కే దానికి లొంగని స్టాఫ్ బ్రిటన్‌లో కనిపించింది. దాన్నే ఎంఆర్‌ఎస్‌ఏ అంటారు. 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చావుకు మందులకు లొంగని బ్యాక్టీరియానే నేరుగా కారణమని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెప్తోంది.

బ్యాక్టీరియా తప్పించుకునే దారులు ముఖ్యంగా నాలుగు. మందును ముక్కలు చేసే ఎంజైమ్ తయారు చేసుకుంటుంది. మందు అతుక్కునే చోటును మార్చేస్తుంది. లోపలికి వచ్చే తలుపులు మూసేస్తుంది. లేదంటే వచ్చిన మందును వచ్చినట్టే పంపు పెట్టి బయటకు తోడేస్తుంది. ఈ పంపు సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

పండ్ల చెట్లలోనే ఎందుకు వెతుకుతున్నారు?

పచ్చి జామకాయ కొరికితే వగరు. దానిమ్మ తొక్క నాలుక మీద పెడితే వగరు. నేరేడు గింజ, మామిడి టెంకలోని జీడి, పచ్చి అరటికాయ తొక్క, అన్నీ వగరే. ఆ వగరే టానిన్.

చెట్టు లెక్క ఏమిటంటే, పండు గుజ్జు పక్షులు, జంతువులు తినడానికి. గింజ మాత్రం క్షేమంగా ఉండాలి. కాయ పండే దాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. అందుకే కాపలా అంతా తొక్కలో, గింజలో, ఆకులో, బెరడులో పెడుతుంది. దానిమ్మ తొక్కలో ప్యూనికలాజిన్ అనే పెద్ద టానిన్, ఎలాజిక్ ఆమ్లం ఉంటాయి. జామాకులో టానిన్లతో పాటు క్వెర్సెటిన్, దాని బంధువులు ఉంటాయి. మామిడి జీడిలో గాలోటానిన్లు ఉంటాయి. మనం పారేసే వాటిలోనే ఇవి ఎక్కువ. పరిశోధకులకు కూడా ఇదే ఆశ. జ్యూస్ ఫ్యాక్టరీ దగ్గర కుప్పలు పడే తొక్క మందుగా పనికొస్తే అంతకంటే ఏం కావాలి?

టానిన్ పని మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. తంగేడు చెక్కతో తోళ్లు ఊనేవాళ్లు. టానిన్ తోలులోని మాంసకృత్తులను పట్టి బిగిస్తుంది, కుళ్లనివ్వదు. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసేవాళ్లు. టానిన్ ఇనుమును పట్టుకుంటేనే ఆ నలుపు వస్తుంది. బ్యాక్టీరియా మీద కూడా ఈ రెండు పనులే చేస్తుంది. దాని పైపొర మాంసకృత్తులను బిగిస్తుంది. అది పెరగడానికి కావాల్సిన ఇనుమును దొరకనివ్వదు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. తోలును బిగించేది బ్యాక్టీరియాను ఒక్కదాన్నే బిగిస్తుందా? మన కణాలను కూడా పట్టుకుంటుంది. పెన్సిలిన్ అలా కాదు. అది బ్యాక్టీరియా గోడ కట్టుకునే పనిని చెడగొడుతుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు. అందుకే పెన్సిలిన్ మందు అయింది. క్రిమిని చంపడం ఒక్కటే చాలదు, మనల్ని వదిలిపెట్టి దాన్ని చంపాలి.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

నాతో పాటు డిప్లొమా చదివిన మిత్రుడి అక్క మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తారు. గౌరి పాల నుంచి తీసిన బ్యాక్టీరియా మీద మా దానిమ్మ తొక్క, జామాకు పరీక్ష చేయిద్దామని అడిగితే ఒప్పుకున్నారు. ఆ మేడం చేసింది వరుసగా చెప్తా.

ఒకటి, సారం తీయడం. నీడలో ఆరబెట్టి పొడి చేసి, 70 శాతం ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆల్కహాల్‌ను ఆవిరి చేసి పోగొట్టారు. మిగిలిన జిగురు లాంటి ముద్దే సారం. గమనించండి, ఇది మనం ఇంట్లో కాచే కషాయం కాదు. నీళ్లలో దిగేవి కొన్ని, ఆల్కహాల్‌లో దిగేవి కొన్ని. ల్యాబ్‌లో ఆల్కహాల్ సారం పని చేసిందంటే మన కషాయం కూడా చేస్తుందని గ్యారంటీ లేదు.

రెండు, బ్యాక్టీరియా లెక్క. ఉప్పునీళ్లలో కలిపి, మిల్లీలీటరుకు సుమారు 15 కోట్లు ఉండేలా మబ్బుదనం సరిచూసుకుంటారు. దీనికి మెక్‌ఫర్లాండ్ 0.5 అనే కొలత ఉంది. ఈ లెక్క లేకుండా చేసిన పరీక్షకు విలువ లేదు. విత్తన మోతాదు తెలియకుండా దిగుబడి పోల్చినట్టు ఉంటుంది.

మూడు, ప్లేటు. ముల్లర్ హింటన్ అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద బ్యాక్టీరియాను దూదిపుల్లతో సమంగా పూస్తారు. 6 మిల్లీమీటర్ల గుంతలు తీసి ఒక దాంట్లో సారం, ఒక దాంట్లో సారాన్ని కరిగించిన ద్రవం ఒక్కటే పోస్తారు. పక్కన యాంటీబయాటిక్ బిళ్ల పెడతారు. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. సారం ఆపగలిగిన చోట గుంత చుట్టూ బ్యాక్టీరియా లేకుండా శుభ్రమైన వలయం వస్తుంది.

ఆ ఉత్త ద్రవం గుంత చాలా ముఖ్యం. దాని చుట్టూ కూడా వలయం వస్తే, చంపింది మన ఆకు కాదు, ద్రవమే.

మా రిపోర్టు, నా సంబరం, మేడం లెక్క

ఫోటో పంపించారు. దానిమ్మ తొక్క గుంత చుట్టూ 16 మిల్లీమీటర్ల వలయం! జామాకుకు 12. పెన్సిలిన్‌కు లొంగని బ్యాక్టీరియా మా తొక్కకు ఆగింది. ఉత్త ద్రవానికి ఏమీ లేదు. నేను ఎగిరి గంతేశాను. లేబుల్ మీద ఏం రాయాలో కూడా మనసులో అనేసుకున్నా.

అప్పుడు మేడం ఫోన్‌లో నెమ్మదిగా చెప్పారు. "ముందు వలయంలో గుంత కొలత కూడా కలిసుంది, 6 మిల్లీమీటర్లు. రెండోది, గుంతలో ఎంత పోశామో చూడు."

మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చిక్కదనం ఉన్న సారం, 50 మైక్రోలీటర్లు. అంటే గుంతలో 5 మిల్లీగ్రాములు. 5000 మైక్రోగ్రాములు. పక్కన బిళ్లలో ఉన్న యాంటీబయాటిక్ 30 మైక్రోగ్రాములు. దాని వలయం మాదానికంటే పెద్దది. మేము 160 రెట్లకు పైగా పోసి కూడా దాన్ని అందుకోలేదు.

"అయినా వలయం కొలత చూసి బలం చెప్పలేం. టానిన్ పెద్ద అణువు, జెల్లీలో మెల్లగా పాకుతుంది. బలమైనది కూడా చిన్న వలయం ఇవ్వొచ్చు. అసలు లెక్క ఎంఐసీ" అన్నారు.

ఎంఐసీ అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మోతాదు. 96 చిన్న గుంతల ప్లేటులో సారాన్ని వరుసగా సగం, సగంలో సగం చేసుకుంటూ పోతారు. 10, 5, 2.5, 1.25 అలా. అన్నింట్లో బ్యాక్టీరియా వేసి మర్నాడు రెసాజురిన్ అనే నీలి రంగు వేస్తారు. బతికున్న చోట గులాబీ రంగులోకి మారుతుంది, ఆగిన చోట నీలంగానే ఉంటుంది. వీడియోలో ఈ భాగం బాగా కనిపిస్తుంది, తప్పకుండా చూడండి.

మా దానిమ్మ తొక్కకు 2.5 దగ్గర ఆగింది. అంటే మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు, 2500 మైక్రోగ్రాములు. ముడి సారానికి 100 మైక్రోగ్రాముల లోపు వస్తే బాగా ఆసక్తికరం అని, 1000 దాటితే బలహీనం అని ఈ రంగంలో పని చేసేవాళ్లు సాధారణంగా లెక్క వేస్తారు. మాది బలహీనం కిందికి వచ్చింది.

ఈ 2500ని నా పొదుగు లెక్కలోకి మార్చుకున్నా. ఒక చన్ను భాగంలో 2 లీటర్ల పాలు ఉన్నాయనుకుందాం. అంత చిక్కదనం రావాలంటే 5 గ్రాముల సారం, గంటల తరబడి, లోపలే నిలవాలి. పైగా టానిన్ పాల మాంసకృత్తులకు అతుక్కుపోతుంది, బ్యాక్టీరియాను పట్టడానికి మిగిలేది తక్కువ. మనిషి రక్తం 5 లీటర్లు అనుకుంటే 12.5 గ్రాముల సారం రక్తంలో తిరగాలి. తాగినదాంట్లో రక్తంలోకి చేరేదే చాలా కొంచెం. అందుకే ఫోన్ చేసిన అన్నకు అంత గట్టిగా వద్దని చెప్పింది.

ఇంకో సంగతి. అదే సారాన్ని మేడం ల్యాబ్‌లో ఉన్న ఈ.కోలై మీద వేస్తే వలయం రాలేదు. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకు బయట ఇంకో పొర ఉంటుంది, చాలా మందులు దాన్ని దాటలేవు. పొదుగు వాపుకు స్టాఫ్ కారణం కావచ్చు, ఈ.కోలై కావచ్చు, ఇంకోటి కావచ్చు. వాపు చూసి ఏదో చెప్పలేం. "పొదుగు వాపుకు దానిమ్మ" అని ఒక్క మాటలో ఎందుకు చెప్పకూడదో ఇప్పుడు అర్థమైంది కదా.

గ్రేప్‌ఫ్రూట్ గింజ సారం నేర్పే పాఠం

పండు సారం అమ్మే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన కథ ఇది. గ్రేప్‌ఫ్రూట్ అంటే పంపరపనసకు దగ్గరి బంధువు. దాని గింజల సారం సహజ క్రిమినాశిని అని విదేశాల్లో బాగా అమ్ముడుపోయింది. నిజంగానే ప్లేటులో బ్రహ్మాండంగా చంపేది.

1999లో జర్మనీ పరిశోధకులు బజారులో దొరికే ఆరు సారాలు తెచ్చి పరీక్షించారు. ఐదు బాగా చంపాయి. ఆ ఐదింట్లోనూ బెంజెథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ క్రిమినాశక రసాయనం దొరికింది. ఏ ప్రిజర్వేటివ్ కలపని ఆరోది చంపలేదు. వాళ్లు స్వయంగా గింజల నుంచి తీసిన సారం కూడా చంపలేదు. ఆ తర్వాత అమెరికాలో చేసిన పరీక్షల్లోనూ కొన్ని సరుకుల్లో అదే రసాయనం బయటపడింది.

ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు అన్నది పక్కన పెడదాం. సహజం అని కొన్నవాళ్లు వాడింది రసాయనం. మన సరుకుల మీద జనానికి ఉన్న నమ్మకం ఒక్క ల్యాబ్ రిపోర్టుతో ఇలా కూలిపోగలదు. సరైన పోలిక గుంతలు పెట్టి మనమే ముందు పరీక్ష చేయించుకోవడం మనకే మంచిది.

చంపకపోయినా మేలు చేసేవి ఉన్నాయి

ఇదంతా చదివి కషాయాలు వట్టివే అనుకోవద్దు. నాకు నచ్చిన విషయం ఇప్పుడు చెప్తా.

విరేచనాలకు జామ చిగుళ్లు మన అవ్వల కాలం నుంచి ఉన్నదే. ముంబైలోని ఫౌండేషన్ ఫర్ మెడికల్ రీసెర్చ్ వాళ్లు జామాకు కషాయం మీద చేసిన పని 2010లో ప్రచురించారు. కషాయం షిగెల్లా, కలరా క్రిములను కొంత ఆపింది. అంతకంటే ముఖ్యం, కలరా విషం తయారీని, అది పేగుకు అతుక్కోవడాన్ని తగ్గించింది. విరేచనాలు కలిగించే కొన్ని రకాల ఈ.కోలై కణాలకు అంటుకోవడాన్ని, లోపలికి దూరడాన్ని కూడా తగ్గించింది. అంటే శత్రువును చంపకుండా చేతిలో కత్తి లాగేయడం. ఎంఐసీ ఒక్కటే చూస్తే ఈ గుణం కనపడదు.

విదేశాల్లో క్రాన్‌బెర్రీ కూడా ఇలాంటిదే. మూత్రనాళం గోడకు ఈ.కోలై అతుక్కోకుండా చేస్తుంది. మాటిమాటికీ మూత్ర ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో అది మళ్లీ రావడం తగ్గుతుందని 2023లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. వచ్చిన ఇన్‌ఫెక్షన్‌ను నయం చేస్తుందని కాదు, రాకుండా తగ్గిస్తుందని. ఈ తేడా గమనించండి.

ఇక పంపు సంగతి. బెర్బెరిస్ అనే ముళ్ల పొదలో బెర్బెరిన్ అనే పదార్థం ఉంది. విడిగా స్టాఫ్ మీద దాని బలం తక్కువ, ఎందుకంటే పంపు దాన్ని బయటకు తోడేస్తుంది. అదే మొక్కలో ఆ పంపును అడ్డుకునే ఇంకో పదార్థం ఉందని 2000లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఒక్కటిగా చంపలేనివి రెండూ కలిస్తే చంపాయి. ఇప్పుడు చాలామంది పండ్ల మొక్కల సారాలను పాత యాంటీబయాటిక్‌కు తోడుగా పరీక్షిస్తున్నది ఈ ఆశతోనే. పాత మందు మళ్లీ పని చేసేలా చేయగలిగితే అది పెద్ద విజయం. కానీ ఆ తోడు ఏది, ఎంత, ఏ మందుకు అన్నది ల్యాబ్ తేల్చాలి. మనం ఇంట్లో కలిపి ప్రయోగం చేయకూడదు.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష

రోగాలు తెచ్చే బ్యాక్టీరియాను ఇంట్లో పెంచే ప్రయత్నం ఎప్పుడూ చేయొద్దు. ప్లేట్లు కొని, పాలు పూసి చూద్దాం అనుకోవద్దు. కానీ మేలు చేసే బ్యాక్టీరియాతో పరీక్ష ఎలా ఉంటుందో చూడొచ్చు. అదే పెరుగు.

కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు మూడు గ్లాసుల్లో సమానంగా పోయండి. ప్రతి దాంట్లో అర చెంచా తోడు. మొదటి దాంట్లో ఇంకేమీ వద్దు. రెండో దాంట్లో కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు. మూడో దాంట్లో జామాకు కషాయం రెండు చెంచాలు. మూడింటినీ ఒకే చోట ఆరేడు గంటలు ఉంచండి. తర్వాత పీహెచ్ పేపర్‌తో పులుపు చూడండి.

గడ్డ గట్టిందా లేదా అని కంటితో చూసి తీర్పు చెప్పొద్దు. టానిన్ పాల మాంసకృత్తులను పట్టుకుని గడ్డను మార్చేస్తుంది. పులుపు తయారైందా లేదా అన్నదే బ్యాక్టీరియా పని చేసిందనడానికి గుర్తు. రెండో గ్లాసు లేకపోతే, తేడా నీళ్ల వల్లా కషాయం వల్లా అన్నది తెలియదు. పరీక్ష అంటే ఈ పోలికే. ఆ గ్లాసుల్లోది తాగకండి, పారబోయండి.

సూది వేసిన ఆవు పాలు తోడుకోవని మన ఆడవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. అదీ ఇదే పరీక్ష. పాలలో యాంటీబయాటిక్ మిగిలి ఉండి తోడును చంపుతోందన్న మాట.

ప్రకృతి సేద్యం చేసే మనం పాటించాల్సినవి

పొదుగు వాపు వస్తే మందు వేయకముందే పాల శాంపిల్ తీయండి. చన్ను కడిగి తుడిచి, కొనను స్పిరిట్ దూదితో శుభ్రం చేసి, మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పట్టి, ఐసు మీద పెట్టి పంపండి. మందు వేశాక తీస్తే బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు.

డాక్టర్ చెప్పిన కోర్సు పూర్తి చేయండి. వాపు తగ్గిందని మధ్యలో ఆపొద్దు. మిగిలిన ట్యూబు దాచొద్దు, పక్కింటికి ఇవ్వొద్దు.

యాంటీబయాటిక్ వేసిన ఆవు పాలు, డాక్టర్ చెప్పిన గడువు దాటే దాకా అమ్మొద్దు, దూడకు తాపొద్దు.

ఆ రోజుల్లో ఆ ఆవు పేడ, మూత్రం జీవామృతానికి వాడొద్దు. ఇది చాలామంది గమనించరు. మందులో కొంత భాగం పేడలో, మూత్రంలో బయటకు వస్తుంది. జీవామృతంలో మనం పెంచాలనుకునేదే సూక్ష్మజీవుల్ని. వాటి మీదే మందు పోస్తే ఎలా? పైగా మొండి బ్యాక్టీరియాను మన చేతులతో పొలమంతా చల్లినట్టు అవుతుంది. ఆ పేడను వేరే కుప్ప వేసి బాగా మాగనివ్వండి.

జీవామృతం, వగరు కషాయాలు ఒకే డ్రమ్ములో కలపొద్దు. బ్రహ్మాస్త్రంలో జామ, దానిమ్మ, సీతాఫలం ఆకులు పడతాయి. అది పురుగు కోసం. జీవామృతం నేల కోసం. దేని రోజు దానిదే.

దానిమ్మ, నిమ్మ రైతులకు ఒక మాట. బ్యాక్టీరియా మచ్చ తెగులుకు స్ట్రెప్టోసైక్లిన్ కొట్టడం మన జిల్లాల్లో మామూలైపోయింది. అందులో ఉన్నది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. ఒకటి మనుషుల క్షయకు వాడిన మందు. పంటల మీద వీటి వాడకం ఆపేయాలని కేంద్రం 2021 చివర్లో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. అంతకు ముందు 2019లో కోళ్లు, పశువుల పెంపకంలో కోలిస్టిన్‌ను నిషేధించింది. గౌరి రిపోర్టులో ఆర్ వచ్చిన మందుల పేర్లు మళ్లీ ఒకసారి చూడండి. తోటలో కొట్టేదీ, కొట్టంలో వేసేదీ ఒకే మందు.

లేబుల్ మీద ఏం రాశాను?

ఒక డీలర్ పెద్ద ఆర్డర్ ఇస్తానన్నాడు. షరతు ఒకటే. డబ్బా మీద "మందులకు లొంగని క్రిములను చంపుతుంది, ల్యాబ్‌లో రుజువైంది" అని వేయాలి. "రిపోర్టు ఉంది కదా అన్నా, అబద్ధమేముంది?" అన్నాడు.

ఆ ఆర్డర్ వదులుకున్నాను. అప్పుడు ఇంట్లో డబ్బు అవసరం చాలా ఉండింది. నేరుగా చెప్పాలంటే రెండు రోజులు నిద్ర పట్టలేదు. చట్టం ప్రకారం చూసినా, ఆహార పదార్థంగా అమ్మే పొడి మీద రోగం నయం చేస్తుందని రాయకూడదు. మందుగా అమ్మాలంటే ఆయుష్ లైసెన్సు ఉండాలి. కానీ చట్టం కంటే ముందు, ఆ షుగర్ పుండు పెద్దాయన గుర్తొచ్చాడు. ఆ లేబుల్ చదివి ఇంకెవరైనా ఫోన్ కూడా చేయకుండా సూదులు ఆపేస్తే?

మా డబ్బా మీద ఇప్పుడు దానిమ్మ తొక్క పొడి అని, ఏ తోటది, ఎప్పుడు ఎండబెట్టాం, ఎంత తూకం అని మాత్రమే ఉంటుంది. పళ్లపొడిలో, సబ్బులో, రంగు అద్దకానికి కొనేవాళ్లు కొంటున్నారు. మెల్లగానే అయినా నడుస్తోంది.

ఎవరైనా మీకు ల్యాబ్ రిపోర్టు చూపించి సారం అమ్మితే ఈ ఐదు ప్రశ్నలు అడగండి. ఏ బ్యాక్టీరియా మీద? గుంతలో ఎంత పోశారు? ఎంఐసీ ఎంత? ఉత్త ద్రవం పోలిక పెట్టారా? మన కణాల మీద, జంతువుల మీద, మనుషుల మీద భద్రత చూశారా? ఐదింటికీ జవాబు ఉంటే గౌరవంగా వినండి. వలయం ఫోటో ఒక్కటే ఉంటే నవ్వి ఊరుకోండి.

ఫోన్ చేసిన అన్న నెల తర్వాత మళ్లీ చేశారు. వాళ్ల నాయనకు కోర్సు పూర్తయింది, పుండు మానుతోంది, కాలు తీయాల్సిన పని లేదన్నారంట. ఆ రోజు నాకు ఆర్డర్ పోయిన బాధ పూర్తిగా పోయింది.

వీడియోలో ప్లేటు, రంగు మార్పు, పాల శాంపిల్ తీసే పద్ధతి మూడూ ఉన్నాయి. చూసి మీ సందేహాలు కామెంట్లో రాయండి. మీ ఊర్లో పాల శాంపిల్ పరీక్ష ఎక్కడ చేస్తున్నారో తెలిస్తే అది కూడా రాయండి, పక్క రైతుకు పనికొస్తుంది.